అరంగుళం వదులు చాలు!

"అమ్మడూ, బండాపు... ఏదో కాలుతున్న వాసన!" అంది అమ్మ.

2024 మే నెల. ఆదివారం మిట్టమధ్యాహ్నం. తలుపులమ్మ లోవలో అమ్మవారి దర్శనం చేసుకుని తునికి తిరిగొస్తున్నాం. అమ్మ అనేలోపే నేనూ చూశాను. చార్జింగు ఎర్రబల్బు వెలిగి ఉంది. ఇంజను వేడి చూపించే ముల్లు పైపైకి పోతోంది. బండి పక్కకి తీసి ఇంజను ఆపేశాను. బానెట్ ఎత్తి చూద్దును కదా, ఫ్యాన్ బెల్టు తెగి చచ్చిన పాములా కింద వేలాడుతోంది.

మా తుని చుట్టుపక్కల మామిడితోటలకి కొదవ లేదు కాబట్టి నీడైతే దొరికింది. అమ్మని చెట్టు కింద కూర్చోబెట్టి, నాకు తెలిసిన తెలివంతా చూపించాను. తెగిన ఫ్యాన్ బెల్టు బదులు ఆడవాళ్ల నైలాన్ మేజోళ్లు కట్టుకుని ఇల్లు చేరిన కథలు ఎక్కడో చదివిన గుర్తు. మేజోళ్లు లేవు కదా అని నా చున్నీ మెలితిప్పి కట్టాను. ఇంజను స్టార్టు చేశానో లేదో అది జారి ఫ్యాన్‌కి చుట్టుకుంది. చున్నీ పోయింది, బండి కదల్లేదు. మీరు మాత్రం ఇలాంటి పని ఎప్పుడూ చేయకండి. తిరిగే ఫ్యాన్‌కి చున్నీకీ చేతికీ తేడా తెలీదు.

ఆ సాయంత్రమే హైదరాబాదు నుంచి తమ్ముడు ఫోను. "అక్కా, ఇంక చాలు. దాన్ని ఇనపకొట్టుకి ఇచ్చేద్దాం. అమ్మకి డెబ్బయ్యేళ్లు దగ్గరపడుతున్నాయి. రెండు గంటలు ఎండలో రోడ్డు పక్కన కూర్చోబెట్టావు. ఆవిడకేమైనా అయితే?"

వాడన్నదాంట్లో తప్పేముంది? నా దగ్గర జవాబు లేదు. అమ్మ కూడా ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్నే వాకిలి ఊడ్చి, ముగ్గేసి, ఎప్పటిలాగే తడిగుడ్డతో ఆ కారు అద్దాలు తుడుస్తూ కనిపించింది. నాన్న పోయినప్పటి నుంచీ అది ఆవిడ నిత్యవిధి. ఆ తుడవడం చూశాక, ఈ కారు నమ్మకంగా తిరిగేలా చేసి తీరాలి, లేదంటే నా చేతులతో నేనే అమ్మేయాలి అనుకున్నాను.

నా ఈడు కారు

మాది అంబాసిడర్ మార్క్ 4. 1987లో నాన్న కొన్నారు. నేను పుట్టిందీ ఆ ఏడాదే. 'మీ ఇద్దరిలో ఎవరెక్కువ పెట్రోలు తాగుతారో తెలీట్లేదే' అని నాన్న వేళాకోళం చేసేవారు, నా పాలడబ్బాల ఖర్చు చూసి.

కలకత్తా పక్కనున్న ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు 1950ల చివర్లో మొదలుపెట్టి 2014 మే దాకా ఈ కార్లు తయారు చేశారు. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ దీనికి మాతృక. మా బండిలో ఉన్న 1489 సీసీ పెట్రోలు ఇంజను కూడా ఆ బ్రిటిషు వంశంలోదే. 2017లో ఆ అంబాసిడర్ పేరుని ఫ్రాన్సుకి చెందిన ప్యుజో కంపెనీ 80 కోట్లకి కొనుక్కుంది. అంటే పేరు ఒకచోటికి పోయింది, ఫ్యాక్టరీ మూతపడింది, మనింటి ముందు కారు మాత్రం మిగిలింది. దానికి సామాను కావాలంటే ఎక్కడికి వెళ్లాలి? అదీ అసలు సమస్య.

గ్రైండరు తెలిస్తే ఇదీ తెలుసు

ఫ్యాన్ బెల్టు అనగానే మనకెందుకులే అనుకోకండి. వంటింట్లో వెట్ గ్రైండరు కింద పలక తీసి చూసిన వాళ్లకి ఇది కొత్తేం కాదు. మోటారు తిరిగితే బెల్టు తిరుగుతుంది, బెల్టు తిరిగితే రాయి తిరుగుతుంది. పిండి గట్టిగా ఉన్నప్పుడు కీచుమని రాయి ఆగిపోతే బెల్టు వదులైందని మనకి తెలుసు. కుట్టుమిషను తోలుబెల్టు సాగిపోతే కాస్త కోసి మళ్లీ పిన్ను వేసుకోవడమూ తెలుసు.

అంబాసిడర్‌లో ఒక్క బెల్టే మూడు పుల్లీల మీద తిరుగుతుంది. కింద ఇంజను పుల్లీ. పైన నీళ్ల పంపు పుల్లీ, ఫ్యాన్ కూడా దానికే ఉంటుంది. పక్కన కరెంటు తయారుచేసే డైనమో పుల్లీ. అందుకే బెల్టు తెగితే అటు చార్జింగు ఆగుతుంది, ఇటు నీళ్లు తిరగడం ఆగుతుంది. ఎర్రబల్బూ వేడీ రెండూ ఒకేసారి రావడానికి కారణం అదే. అప్పుడు 'ఇంటిదాకా పోదాం' అని లాగిస్తే హెడ్డు వంకరపోయి వేలల్లో వదులుతుంది. ఆ రోజు వెంటనే ఆపడం ఒక్కటే నేను చేసిన మంచిపని.

ఈ బెల్టుని అడ్డంగా కోస్తే కొస నరికిన ఇంగ్లీషు 'వి' అక్షరంలా ఉంటుంది. అందుకే వి-బెల్టు అంటారు. 1917లో అమెరికాలోని డెన్వర్‌లో జాన్ గేట్స్ దీన్ని తయారుచేశాడు. అంతకుముందు తాళ్లు, తోలుపట్టీలు వాడేవారు. ఇందులో కిటుకేమిటంటే బెల్టు పట్టు అడుగున ఉండదు, రెండు పక్కల్లో ఉంటుంది. గాడిలో ఆప్పులా బిగుసుకుని లాగుతుంది. ఈ ఒక్క ముక్క ముందే తెలిసి ఉంటే నాకు మూడు బెల్టులూ నాలుగు నెలలూ మిగిలేవి.

ఒకటి పోయె, రెండు పోయె...

మా నాన్న దగ్గర పనిచేయించుకున్న పాత మెకానిక్కే ఇప్పటికీ మా బండి చూస్తారు. తెగినదాన్ని చూసి, "ఏటండి అమ్మాయిగారూ, ఇదొక పెద్ద పనా! గంటలో అయిపోద్ది" అని అలాంటిదే వెడల్పు బెల్టు తెచ్చి వేశారు. రెండు నెలలు తిరిగిందో లేదో బానెట్ లోపలంతా నల్లటి పొడి. బెల్టు అంచులు పాత గోనెసంచిలా పీచులు లేచిపోయాయి.

ఈసారి సన్నబెల్టు వేశారు. వేసిన వారానికే రాత్రి హెడ్‌లైట్లు వేస్తే చాలు, వీధంతా లేచేలా కీచుమంటుంది. మేం వస్తున్నామని పక్కింటి వాళ్లు గేటు తీసేవారు! తీసి చూస్తే బెల్టు పక్కలు అద్దంలా మెరుస్తున్నాయి. మెరుపు అంటే మంచిదనుకున్నాను. కాదట. జారి జారి రబ్బరు కాలి నునుపెక్కితే వచ్చే మెరుపు అది.

ముచ్చటగా మూడోది. పాత బెల్టు మీద అరిగిపోయిన అంకె ఒకటి కనిపిస్తే, విశాఖలో ఉన్న మా మరిదికి ఫోన్ చేసి ఆ అంకె చెప్పాను. పాపం, ఆదివారం పూట షాపులు వెతికి తెచ్చాడు. తీరా చూస్తే రెండంగుళాలు పొట్టి! "స్క్రూడ్రైవరు పెట్టి ఎక్కించేస్తానండి" అన్నారు మెకానిక్కు. నేను వద్దన్నాను. బలవంతంగా ఎక్కిస్తే బెల్టు లోపలి దారాలు అప్పుడే పుటుక్కుమంటాయి, ఎక్కినా ఆ బిగువుకి నీళ్ల పంపు బేరింగు పోతుంది. గట్టిగా కట్టిన మొలతాడు బిడ్డ నడుముని కోసినట్టే.

గాజుల కొలతే నేర్పింది

అంకె ఒకటే అయినప్పుడు రెండంగుళాలు ఎక్కడికి పోయాయి? వారం రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. మా అమ్మాయికి గాజులు కొనడానికి వెళ్లినప్పుడు వెలిగింది నాకు. 2-4, 2-6 అని గాజుల సైజు చెబుతాం కదా, అది లోపలి కొలత. గాజు ఎంత లావున్నా చెయ్యి పట్టాల్సింది లోపల. బయటి నుంచి కొలిచి చెబితే చెయ్యి దూరదు.

బెల్టుల్లోనూ అంతే. గ్రైండర్లకీ, పిండిమరలకీ వాడే 'ఏ' రకం బెల్టు మీద అంకె సాధారణంగా లోపలి చుట్టుకొలత, అంగుళాల్లో. కార్ల కోసం చేసిన బెల్టు మీద 'ఏవీ10' తర్వాత వెయ్యి అనో మరొకటో ఉంటుంది. పది అంటే పై వెడల్పు మిల్లీమీటర్లలో, తర్వాతది బయటి చుట్టుకొలత మిల్లీమీటర్లలో. 'ఏ' రకం బెల్టు మందం 8 మిల్లీమీటర్లు. లోపలి చుట్టుకీ బయటి చుట్టుకీ తేడా దాదాపు 50 మిల్లీమీటర్లు, అంటే రెండంగుళాలు! మేం చెప్పింది లోపలి అంకె, షాపువాళ్లు ఇచ్చింది బయటి అంకె. ఎవరి తప్పూ లేదు, ఎవరూ అడగలేదంతే.

సరే, పొడవు సంగతి తేలింది. మరి వెడల్పుది ఎందుకు పీచులు లేచింది, సన్నది ఎందుకు జారింది?

నాన్న నోటుపుస్తకం

నాన్నకి ఒక అలవాటు. కారుకి ఏ పని చేయించినా రూళ్ల నోటుపుస్తకంలో తేదీ, ఖర్చుతో సహా రాసుకునేవారు. 2022లో ఆయన పోయాక ఆ పుస్తకం ముట్టుకోవడానికి నాకు ధైర్యం చాల్లేదు. ఆ అక్షరాలు చూస్తే తట్టుకోలేనని. ఇక తప్పక, అమ్మని అడిగి బీరువాలోంచి తీయించాను.

ముప్ఫయ్యేళ్లకి పైగా లెక్క. ఆయిలు, టైర్లు, నా కాలేజీ ఫీజు కట్టిన నెలలో 'బ్యాటరీ వాయిదా' అని ఒక మాట. చివరి పేజీల్లో 2021లో రాసింది: 'డైనమో తీసి ఆల్టర్నేటర్ పెట్టించాను. చార్జింగు బాగుంది. పుల్లీ గాడి సన్నం. మార్చాలి, తర్వాత.'

ఆ 'తర్వాత' ఆయనకి రాలేదు. ఆ మాట దగ్గర కాసేపు నాకు అక్షరాలు అలుక్కుపోయాయి. అమ్మే పుస్తకం తీసుకుని, "ఏం రాశారే?" అంది. చదివి వినిపించాను. "అయితే చేయించు మరి" అంది, అంతే.

పెద్ద టార్చిలైటూ కుట్టుపని టేపూ పట్టుకుని బానెట్ ఎత్తాను. ఇంజను పూర్తిగా చల్లారాక, తాళంచెవి నా నడుముకి దోపుకున్నాకే సుమా! మూడు గాడులూ కొలిస్తే నాన్న రాసింది అక్షరాలా నిజం. ఇంజనువీ పంపువీ పాత వెడల్పు గాడులు. వేరే కారు నుంచి వచ్చిన ఆల్టర్నేటర్‌ది సన్నగాడి. వెడల్పు బెల్టు ఆ సన్నగాడిలో దిగక, పైపైన తేలుతూ అంచులు కోసుకుంది. సన్నబెల్టు మిగతా రెండింటిలో అడుక్కంటా దిగిపోయి, పక్కల పట్టు లేక జారింది. ఇన్నాళ్లూ మంచి బెల్టు దొరకలేదని ఊరంతా తిరిగాం. ఆ మూడు పుల్లీలకీ కుదిరే బెల్టు లోకంలోనే లేదు!

మెకానిక్కుని పిలిచి చూపించాను. తలగోక్కుని, "ఆయ్, నిజమేనండీ. నాన్నగారు నాకూ ఒకసారి అన్నారు" అన్నారు. మూడో రోజున ఊళ్లోనే లేతు మీద పాత గాడి కొలతకి కొత్త పుల్లీ తిప్పించాం. బిగించాక మా అమ్మాయి స్కూలు చెక్కస్కేలు పుల్లీల మొహాలకి ఆనించి చూస్తే ఆల్టర్నేటరు ఒక పిసరు ముందుకి ఉంది. వాషర్లు సర్ది మూడింటినీ ఒక వరసలోకి తెచ్చారు. వరస తప్పితే బెల్టు ఒక పక్కే అరిగి, చివరికి గాడిలోంచి తప్పుకుంటుంది.

"సారెవరూ రాలేదా అమ్మా?"

ఇక మంచి బెల్టు. ఆల్టర్నేటర్‌ని దాని జరుపుడు గాడిలో సగంలో నిలిపి, సాగని పురికొస మూడు పుల్లీల చుట్టూ అంచు మట్టానికి చుట్టి, ముడి దగ్గర గుర్తుపెట్టాను. సగంలో ఎందుకంటే, కొత్త బెల్టు ఎక్కించడానికి లోపలికి జరపాలి, సాగాక బిగించడానికి బయటికి జరపాలి. రెండు వైపులా చోటుండాలి.

మా తునికి అటు విశాఖ, ఇటు రాజమండ్రి ఇంచుమించు వంద కిలోమీటర్లు. అంతకంటే పెద్ద బజారు కావాలంటే విజయవాడ ఆటోనగర్. రాజమండ్రిలో ఒక సాహిత్య సభ ఉంటే రైల్లో వెళ్లి, సభ అయ్యాక స్పేర్ పార్టుల కొట్టుకి వెళ్లాను.

"సారెవరూ రాలేదా అమ్మా?" అన్నారు కొట్టాయన.

నేనేం మాట్లాడకుండా సంచిలోంచి పురికొస తీసి కౌంటరు మీద పెట్టాను. "ఇది బయటి చుట్టుకొలత. గాడి పై వెడల్పు ఇంత. ఒక పుల్లీ చిన్నది కాబట్టి లోపల పళ్లున్న బెల్టు కావాలి. మేకుకి వేలాడదీసింది వద్దు, అట్టపెట్టెలోది ఇవ్వండి" అన్నాను. ఆయన ఒకసారి నాకేసి చూసి, లోపలికి కేకేసి నాలుగు పెట్టెలు తెప్పించారు, కుర్చీ కూడా వేయించారు.

పళ్లెందుకంటే, లోపల పళ్లు కోసిన బెల్టు చిన్న పుల్లీ చుట్టూ తేలిగ్గా వంగుతుంది. వంగడం తేలికైతే వేడి తక్కువ, పగుళ్లు తక్కువ. ఇక రబ్బరు వయసు. అమ్ముడుపోక ఏళ్ల తరబడి ఎండ తగిలేలా వేలాడిన బెల్టు వాడకుండానే ముసలిదైపోతుంది. వెనక్కి వంచి చూస్తే సన్నటి పగుళ్లు కనబడతాయి. మన దేశంలో మదురైలో ఫెన్నర్ లాంటి పాత కంపెనీలు ఎప్పటి నుంచో ఈ బెల్టులు చేస్తున్నాయి. పేరున్నది, ముద్ర స్పష్టంగా ఉన్నది, ముట్టుకుంటే గట్టిపడనిది చూసి రెండు తీసుకున్నాను. ఒకటి వేయడానికి, ఒకటి డిక్కీలో దాచడానికి. రెండూ కలిపి ఒక మామూలు చీర ఖరీదు లేవు.

మీ ఇంట్లో పాత కారుంటే...

అంబాసిడరో, ప్రీమియర్ పద్మినీయో మీ ఇంట్లోనూ ఉంటే నా అనుభవంలోంచి నాలుగు మాటలు.

బెల్టు తరచు పోతుంటే బెల్టుని తిట్టే ముందు పుల్లీలు చూడండి. గాడి వెడల్పులు ఒకటేనా, మూడూ ఒక వరసలో ఉన్నాయా? బెల్టు పై అంచు గాడి అంచుతో ఇంచుమించు సమంగా ఉండాలి. తేలకూడదు, అడుక్కి తగలకూడదు.

బిగువు చూడటానికి పరికరాలక్కర్లేదు. రెండు పుల్లీల మధ్య ఎక్కువ దూరమున్న చోట బొటనవేలితో నొక్కండి. అరంగుళం దిగితే సరి. కొత్త బెల్టు మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో కాస్త సాగుతుంది, మళ్లీ ఒకసారి బిగించాలి.

బెల్టుకి ఆయిలు, గ్రీజు తగలనివ్వకండి. కీచుమంటోందని సబ్బో పౌడరో పూయడం జబ్బుకి అత్తరు పూసినట్టే.

చీరకొంగు, చున్నీ, జడ గట్టిగా దోపుకోకుండా బానెట్ దగ్గరికి వెళ్లొద్దు. ఇంజను తిరుగుతుండగా బెల్టుని ముట్టుకోవద్దు. వేడిగా ఉన్నప్పుడు రేడియేటరు మూత తీయొద్దు.

కొత్త కార్లున్న వాళ్లకీ ఒక మాట. అంబాసిడర్ ఇంజను లోపల టైమింగుకి గొలుసు ఉంటుంది. కొన్ని కార్లలో ఆ పని కూడా రబ్బరు బెల్టే చేస్తుంది. అది తెగితే చాలా ఇంజన్లలో వాల్వులు వంగిపోతాయి. కాబట్టి కారుతో ఇచ్చిన పుస్తకంలో ఎన్ని కిలోమీటర్లకి మార్చమన్నారో చూసి మార్పించండి. మనం నడిపే గేర్లు లేని స్కూటీలో కూడా లోపల ఒక బెల్టు ఉంది, దానికీ ఒక గడువుంది.

అమ్మ బొటనవేలు

కొత్త బెల్టు వేసి ఏడాది దాటింది. నల్లపొడి లేదు, కీచు లేదు. పక్కింటి వాళ్లు ఇప్పుడు మేం వచ్చింది తెలీక గేటు తీయడం మానేశారు!

కష్టాలన్నీ తీరాయని చెప్పను. రిజిస్ట్రేషను గడువు 2027 దాకా ఉంది. ఇరవయ్యేళ్లు దాటిన కార్ల రెన్యువల్ రుసుముని కేంద్రం 2025 ఆగస్టులో 10,000 రూపాయలు చేసింది. దానికి ముందు ఫిట్‌నెస్ పరీక్ష నెగ్గాలి. అప్పుడు ఏంచేస్తామో అప్పుడే ఆలోచిస్తాం. 'నెగ్గితే ఉంచుదాం, లేకపోతే మర్యాదగా పంపేద్దాం' అని అమ్మే అంది. ఆ మాట ఆవిడ నోటి నుంచి రావడమే నాకు పెద్ద ఊరట. రోడ్డు పక్కన తెగిన బెల్టుతో ఓడిపోయి పంపడం వేరు, ఆలోచించుకుని పంపడం వేరు.

సంక్రాంతికి తమ్ముడొచ్చాడు. కనుమ మర్నాడు అమ్మని లోవకి తీసుకెళ్తానని తాళంచెవి అడిగాడు. అడిగి, "అక్కా, డిక్కీలో స్పేరు బెల్టుందిగా?" అన్నాడు. ఉందన్నాను.

బండి తీయబోతుంటే అమ్మ "ఉండరా" అంది. బానెట్ ఎత్తించింది. కొంగు నడుముకి దోపుకుని, మినప్పప్పు నానిందో లేదో చూసినంత తేలిగ్గా, బెల్టుని బొటనవేలితో నొక్కి చూసింది.

"అరంగుళమే. పదండి" అని వెళ్లి ముందుసీట్లో కూర్చుంది.